ఓడిన మర్నాడు అడగవలసిన ప్రశ్నలు

(నయా రాయపూర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను 'క్రీడలు – క్రమశిక్షణ' అనే విషయం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. క్రమశిక్షణ మీద ఉపన్యాసం వినని వాడు ఈ హాల్లో ఒక్కడు కూడా లేడు. విని విని మన చెవులు కాయలు కాచాయి. అందుకని ఆయన అనుమతితోనే విషయాన్ని కొంచెం మార్చుకుంటున్నాను. జట్టు ఓడిపోయినప్పుడు కోచ్‌ని ప్రశ్నించడం ఎలా? అసలు ప్రశ్నించవచ్చా, కూడదా? ఈ రోజు మన మధ్య నలుగుతున్న సంగతి ఇదే కాబట్టి ఇదే మాట్లాడతాను.

అందరికీ తెలిసిందే అయినా, దూరం నుంచి వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఈ ఊరి పేరు కాగితాల మీద నవా రాయపూర్ అటల్ నగర్ అయినా మన నోటికి ఇంకా నయా రాయపూరే. వెడల్పాటి రోడ్లు, దూరదూరంగా సెక్టార్లు, కావలసినంత ఖాళీ స్థలం. ఆ ఖాళీ స్థలంలోనే మూడేళ్లుగా మన పిల్లల ఫుట్‌బాల్ జట్టు తయారవుతోంది. మన తెలుగు పిల్లలతో పాటు ఛత్తీస్‌గఢీ పిల్లలు, ఒడియా పిల్లలు కూడా ఉన్నారు. నేర్పుతున్నది మనలో ఒకరైన రిటైర్డ్ హవల్దార్ గారు. జీతం లేదు. స్కూటరు పెట్రోలు కూడా ఆయన జేబులోంచే. ఈసారి ఇక్కడి పోటీల్లో మన జట్టు మొదటిసారి లీగ్ దాటి ప్లే ఆఫ్‌కు వెళ్లింది. సెమీఫైనల్లో 1–1తో ఆగి, పెనాల్టీల్లో 3–2తో ఓడింది. మూడో స్థానం మ్యాచ్‌లోనూ 2–0తో ఓడింది.

ఆ సాయంత్రం నుంచి పదకొండు రోజులుగా లంగర్ గప్ నడుస్తోంది. బాగా ఆడుతున్న సెంటర్ ఫార్వర్డ్‌ని సెమీఫైనల్లో మొదటినుంచీ ఎందుకు దింపలేదు? 1–0 ముందంజలో ఉండగా ఫార్వర్డ్‌ని తీసి డిఫెండర్‌ని ఎందుకు పెట్టాడు? ఆఖరి పెనాల్టీ అందరికంటే చిన్నవాడికి ఎందుకిచ్చాడు? ఈ మూడు ప్రశ్నలూ కూరగాయల కొట్టు దగ్గర విన్నాను, క్యాంటీన్ లైన్లో విన్నాను, పెళ్లి భోజనాల దగ్గర విన్నాను. కోచ్‌ని మార్చాలని ఒక అర్జీ కూడా వచ్చింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత సర్వసభ్య సమావేశంలో అది ఆరో అంశం. నేను అర్జీకి అనుకూలంగానో వ్యతిరేకంగానో ప్రచారం చేయడానికి రాలేదు. చెయ్యి ఎత్తేముందు కాస్త ఆలోచించుకుందాం అని చెప్పడానికి వచ్చాను.

ముందు ఒక మాట. ప్రశ్నించడం తప్పు కాదు. 'ఆర్డర్ ఈజ్ ఆర్డర్' అని పెరిగినవాళ్లం గనుక పైవాణ్ణి అడగకూడదని కొందరు అనుకుంటారు. కాని మన ఫౌజులోనే దర్బారు ఉంది. సీ.ఓ. సాబ్ ఎదుట నిలబడి "కోయీ పాయింట్?" అంటే జవాను లేచి పాయింట్ చెప్పవచ్చు. ఎక్సర్‌సైజ్ అయ్యాక ఏది కుదిరింది, ఏది చెడింది అని కూర్చుని లెక్క చూసుకుంటాం. వాయుసేన తమ్ముళ్లు విమానం దిగీ దిగగానే డీబ్రీఫింగ్‌కి కూర్చుంటారు. అక్కడ అడిగే పద్ధతి వేరు. అడిగేవాడికీ చెప్పేవాడికీ మధ్య ఎవరూ ఉండరు. జవాబు విన్నాకే తీర్పు. లంగర్ గప్‌లో తీర్పు ముందు వస్తుంది, ప్రశ్న తర్వాత వస్తుంది, జవాబు అసలు రాదు.

ఇప్పుడు మన హైదరాబాదుకు చెందిన ఒక కోచ్ కథ చెబుతాను. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఈ మధ్య సినిమా వచ్చింది కాబట్టి పిల్లలకు కూడా ఆయన పేరు తెలిసింది. వృత్తికి బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారుచేసింది ఆయనే. ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు తెచ్చింది. ఆయన శిక్షణలోనే 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడల్లో మన దేశానికి ఫుట్‌బాల్ స్వర్ణం వచ్చింది.

మరుసటి సంవత్సరమే, 1952లో, హెల్సింకి ఒలింపిక్స్. అక్కడ యుగోస్లావియా చేతిలో ఎంతతో ఓడామో తెలుసా? 10–1! మన ఆటగాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. చలిదేశం, తడిసిన నేల, వట్టి కాళ్లు. ఇలాంటి ఓటమి తర్వాత కోచ్‌ని ఏమనాలి? మన అర్జీ పద్ధతిలో అయితే ఆయనకు తిరుగు టికెట్టు కూడా ఇచ్చేవాళ్లం కాదు.

కాని ఆ ఓటమి దగ్గర సరైన ప్రశ్న వేసుకున్నారు. 'పది గోల్స్ ఎవరివల్ల పడ్డాయి' అని ఆగిపోకుండా 'మనం ఏం నేర్చుకోకుండా వెళ్లాం' అని అడిగారు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆట పద్ధతి మారింది. రహీం గారు ఫార్వర్డ్‌లలో ఒకణ్ణి కాస్త వెనక్కి లాగి ఆడించే పద్ధతి అలవాటు చేశారు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ లోకానికి చూపించిన 4–2–4కు దగ్గరగా ఉన్న పద్ధతిని ఆయన అంతకు రెండేళ్ల ముందే ఆడించారని చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అంతకంటే నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన కుర్రాళ్లకు చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదానిలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇవ్వాలి. ఇంకొకదానిలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. జట్టులో ఏ లోపం ఉందో ఆ లోపం మీదే ఒక పోటీ. బడిపంతులు బుర్ర అంటే అదీ!

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మొదటి రౌండులో హంగరీ తప్పుకోవడంతో మనకు వాకోవర్. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4–2తో కొట్టాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్లో మళ్లీ ఆ యుగోస్లావియానే. విరామం దాకా 0–0. తర్వాత ముందుగా గోల్ కొట్టింది మనం. డిసౌజాయే కొట్టాడు. ఆ క్షణాన ఇండియా ఒలింపిక్ ఫైనల్ వాకిట్లో నిలబడి ఉంది. ఆ తర్వాత పావుగంట తిరక్కుండానే మూడు గోల్స్ పడ్డాయి. చివరికి 4–1. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో, డిసెంబరు 7న, బల్గేరియా చేతిలో 3–0. మూడో స్థానం మ్యాచ్‌లో ఓడితే నాలుగో స్థానానికి పతకం ఉండదు, వట్టి చేతులతో ఇంటికి రావాలి.

ఇక్కడ కూడా కోచ్‌ని అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి. గోల్ కొట్టగానే జట్టును వెనక్కి ఎందుకు సర్దలేదు? సెమీఫైనల్ అయిన మూడు రోజులకే మళ్లీ ఆట ఉన్నప్పుడు అలసిన కాళ్లకు ఏ ఏర్పాటు చేశారు? ఇవి తప్పు ప్రశ్నలు కావు. కాని అడిగేవాడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో ఆట మధ్యలో ఆటగాణ్ణి మార్చే వీలు లేదు. ప్రపంచ కప్పులోనే అది 1970లో గాని రాలేదు. విజిల్ మోగాక కోచ్ చేతిలో ఉండేది విరామంలో చెప్పే నాలుగు మాటలే. అంచేత రహీం గారిని నిలదీయాలంటే ఆ పావుగంట గురించి నిలదీసి ప్రయోజనం తక్కువ. అంతకు ముందు నెలల్లో చేసిన తయారీ గురించి అడగాలి. ఆ లెక్కన చూస్తే నాలుగేళ్ల కింద 10–1తో కొట్టిన జట్టు మీదే గంట దాకా సమానంగా నిలబడ్డాం. ఓటమే, కాదనను. అయినా 10–1 ఓటమికీ ఈ ఓటమికీ మధ్య ఒక కోచ్ నాలుగేళ్ల చెమట ఉంది. స్కోరు బోర్డు ఆ చెమటను చూపించదు.

1958లో టోక్యో ఆసియా క్రీడలకు రహీం గారు కోచ్‌గా వెళ్లలేదు. అక్కడ కూడా మనం కాంస్యం మ్యాచ్‌లో ఓడాం, ఇండోనేషియా చేతిలో 4–1. ఆ కోచ్ తక్కువవాడని నా ఉద్దేశం కాదు. మనిషిని మార్చినంత మాత్రాన ఫలితం మారుతుందన్న గ్యారంటీ లేదని మాత్రమే చెబుతున్నాను.

ఇక 1962, జకార్తా. మళ్లీ రహీం గారే కోచ్. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. థాయ్‌లాండ్ మీద గెలిచాం గాని, డిఫెన్స్‌కు గోడలాంటి జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇప్పుడు ఈ కోచ్ ఏం చేశాడో చూడండి. తలకు కుట్లున్న ఆ డిఫెండర్‌ని సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు! ఫైనల్లో మళ్లీ కొరియాయే. ఫ్లూతో పడి లేచిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ని, అప్పటిదాకా బాగా ఆడుతున్న కుర్రాడి స్థానంలో నిలబెట్టాడు. కొరియావాళ్లు బంతిని గాల్లోకి లేపి తలతో ఆడతారు, పొడగరి తంగరాజ్ అయితే అందుకుంటాడు అని ఆయన లెక్క. తంగరాజ్ మనవాడే సుమండీ. మద్రాస్ రెజిమెంట్‌లో పెరిగిన ఆటగాడు, హైదరాబాదులో పుట్టినవాడు. సర్వీసెస్ జట్టు 1960లో మొదటిసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది ఆయన రోజుల్లోనే.

సెప్టెంబరు 4న ఫైనల్. లక్షమంది దాకా జనం, అందరూ మనకు ఎదురే. పీ.కే. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్. 2–1తో స్వర్ణం మనది. ముందు వరుసలో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఉన్నారు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం గారు కన్నుమూశారు. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తర్వాత మనకు మళ్లీ రాలేదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ ఫైనల్ 2–1తో ఓడిపోయి ఉంటే ఏమనేవాళ్లం? "తలకు కుట్లున్నవాణ్ణి, అదీ డిఫెండర్‌ని, ముందు పెడతాడా? జ్వరం మనిషిని గోల్లో నిలబెడతాడా? ఈయనకు మతి పోయింది" అనేవాళ్లం కాదా? నిర్ణయాలు అవే, వాటి వెనక ఆలోచన అదే. గెలిచాడు కాబట్టి మేధావి, ఓడితే మూర్ఖుడు. ఇలా తూచే త్రాసులో ముల్లు సరిగ్గా లేదని నా మనవి.

దగ్గరి ఉదాహరణ కావాలా? హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో 1–1, పెనాల్టీల్లో 3–1తో మన జట్టు గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కోచ్ మనోలో మార్కెజ్‌ని అందరూ ఆకాశానికెత్తారు. సరిగ్గా ఏడాదికి, 2023 మార్చిలో, అదే కోచ్, దాదాపు అదే జట్టు. ప్లే ఆఫ్ సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌ల్లోనూ 0–0. పెనాల్టీల్లో 4–3తో ఓటమి. జట్టు తరఫున గోల్స్ వర్షం కురిపించిన ఒగ్బెచే కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలింది. అంత పెద్ద ఆటగాడికే బంతి బెత్తెడు పక్కకు పోయింది. ఆ బెత్తెడు దూరాన్ని బట్టి కోచ్ తెలివిని కొలుస్తామా?

ఇంకొకటి మన సర్వీసెస్ జట్టు సంగతే. 2024 డిసెంబరులో హైదరాబాదులో సంతోష్ ట్రోఫీ సెమీఫైనల్. అంతకు ముందటి విజేతలు మనవాళ్లు, ఎదురుగా బెంగాల్. విరామానికి 3–0తో వెనకబడ్డారు. రెండో సగంలో 3–2 దాకా లాక్కొచ్చారు. చివర్లో ఇంకొకటి పడి 4–2తో ఓడారు. మొదటి సగానికి కోచ్‌ని తిట్టాలంటే, రెండో సగంలో జట్టును లేపి నిలబెట్టినందుకు మెచ్చుకోవాలి. రెండూ ఒకే మనిషి పనే కదా!

సరే, మన గ్రౌండ్‌కి వద్దాం. నేను పెద్ద ఆటగాణ్ణి కాను. యూనిట్ జట్టులో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడినవాణ్ణి, అంతే. కాని పదకొండు రోజులైనా హవల్దార్ గారిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఎవరూ లేరని తెలిసి, మొన్న నేనే వెళ్లి అడిగాను. ఆయన సమ్మతితోనే ఆ జవాబులు చెబుతున్నాను.

మొదటి ప్రశ్న, సెంటర్ ఫార్వర్డ్. రెండు రోజుల ముందు ఆ అబ్బాయికి తొడ కండరం పట్టేసింది. ఇంట్లో తెలిస్తే ఆట మాన్పిస్తారని కోచ్‌ని బతిమాలాడు. చివరి అరగంటకు మాత్రం దింపుదాం అని ఆయన నిర్ణయం. "పిల్లవాడి కాలు కంటే కప్పు ఎక్కువ కాదు సాబ్" అన్నారు. ఈ సంగతి ఆ అబ్బాయి, వాళ్ల నాన్న సరేనన్నాకే ఇక్కడ చెబుతున్నాను. ఈ ప్రశ్నకు జవాబు వచ్చింది. ఇక ముందు దెబ్బ తగిలితే తల్లిదండ్రులకు తప్పక చెప్పాలని నేనన్నాను, ఆయన ఒప్పుకున్నారు.

రెండో ప్రశ్న, ఫార్వర్డ్‌ని తీసి డిఫెండర్‌ని పెట్టడం. ఎడమవైపు కుర్రాడు అలసిపోయాడు, అటునుంచి దాడి వస్తోంది. అది నిజమే, నేనూ చూశాను. కాని బెంచి మీద తాజాగా ఉన్న మిడ్‌ఫీల్డర్ ఒకడున్నాడు. వాణ్ణి పెడితే బంతి మన దగ్గరే ఇంకాసేపు ఉండేది. ఇది వాదించుకోవలసిన విషయం. హవల్దార్ గారు కూడా "అదీ ఒక దారే" అన్నారు. ఇక్కడ మీ ప్రశ్నలో న్యాయం ఉంది. ఇద్దరు ఆట తెలిసినవాళ్లు రెండు రకాలుగా ఆలోచించే నిర్ణయం ఇది. దీనికి మనిషిని తీసేయరు.

మూడో ప్రశ్న, ఆఖరి పెనాల్టీ. "ఎవరు కొడతారు?" అని ఆయన పిల్లల్ని అడిగారట. నలుగురు ముందుకొచ్చారు. అయిదోవాడి దగ్గరకు వచ్చేసరికి పెద్ద పిల్లలు నేల చూపులు చూశారు. అందరికంటే చిన్నవాడు చెయ్యెత్తాడు. అలా చెయ్యెత్తినవాణ్ణి కాదని, తల దించుకున్నవాణ్ణి పంపే సుబేదార్ ఎవరైనా మనలో ఉన్నారా?

అయితే నాలుగో ప్రశ్న ఒకటుంది. దాన్ని మనలో ఎవరూ అడగలేదు. ప్లే ఆఫ్ అంటే పెనాల్టీలు రావచ్చని తెలుసు. మరి వాటిని ఎన్నిసార్లు ప్రాక్టీసు చేయించారు? "ఒక్కసారి కూడా లేదు సాబ్" అన్నారాయన. దాచలేదు. అసలు లోటు ఇది. మనం చివరి పది నిమిషాల గురించి కొట్టుకుంటున్నాం. లోటు మాత్రం అంతకు ముందు నెల్లాళ్లలో ఉంది. ఎందుకు చేయించలేదు అంటే ఆయన చూపించినవి రెండు బంతులు. ఒకదానిలో గాలి నిలవదు. ఆరు బంతులు కావాలని సంఘానికి రాసిన కాగితం నకలు కూడా చూపించారు. ఇరవైమంది పిల్లలు, ఒకటిన్నర బంతి. రహీం గారైనా ఏం చేస్తారు చెప్పండి!

అందుకని నా మనవి ఇది. మధ్యాహ్నం ఆరో అంశం వచ్చినప్పుడు అర్జీ మీద చేతులెత్తేముందు హవల్దార్ గారిని ముందుకు పిలిచి, దర్బారు పద్ధతిలో పాయింట్లు అడగండి. ఆ సమయానికి ఆయనకు ఏం తెలుసు, వేరే దారి ఏముంది, ముందుగా ఏం తయారీ చేశారు అని అడగండి. జవాబు నచ్చకపోతే నచ్చలేదని ముఖం మీద చెప్పండి. ఆయన ఫౌజీ, తట్టుకుంటారు. ఇక ముందు ప్రతి పోటీ అయ్యాక వారం లోపల ఇలాంటి కూర్చోవడం ఒకటి పెట్టుకుందాం, గెలిచినా సరే. గెలిచినప్పుడు లోపాలు ఎవరూ వెతకరు, అవి అక్కడే దాక్కుంటాయి. ఇద్దరు తల్లులు, ఇద్దరు తండ్రులు, ఇద్దరు పిల్లలు కూడా అందులో ఉండాలి. బంతుల సంగతి మాత్రం సమావేశం దాకా ఆగక్కర్లేదు. నా వంతు రెండు బంతులు కోశాధికారి గారికి పొద్దున్నే అప్పగించాను.

ఇక చివరి మాట. పెనాల్టీ పోగొట్టిన ఆ చిన్నవాడు పదకొండు రోజులుగా గ్రౌండ్‌కి రావడం లేదు. వాళ్లమ్మ చెప్పింది, దుకాణానికి వెళ్తే ఎవరో "వీడే కదా" అన్నారట. మనం కోచ్ మీద విసిరిన రాళ్లు వెళ్లి వాడికి తగిలాయి. పద్నాలుగేళ్ల పిల్లాడు అందరికంటే ముందు చెయ్యెత్తాడు. అలాంటివాళ్లే రేపు మన యూనిట్లలోకి రావాలి. వాడు మళ్లీ చెయ్యెత్తడానికి భయపడితే అది సెమీఫైనల్ కంటే పెద్ద ఓటమి. కాబట్టి ఈ సాయంత్రం ఇళ్లకు వెళ్లేటప్పుడు వాళ్లింటి మీదుగా వెళ్లండి. ఉపదేశాలేమీ వద్దు. "రేపు ప్రాక్టీసుకి వస్తున్నావుగా, బంతులు వచ్చాయిరా" అనండి చాలు.

 జై హింద్.